తాంబరం జోన్‌లో ఉద్యోగం: పంపాలా, వద్దా?

నాయుడుపేట నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అక్క కూతురు ఇంటర్ పాసైంది. చెన్నై తాంబరం దగ్గరున్న ఎగుమతి జోన్‌లో బట్టల కంపెనీకి మనుషులు కావాలంటూ ఒక కాంట్రాక్టర్ ఊళ్లోకి వచ్చాడట. హాస్టల్, భోజనం, పీఎఫ్ (ప్రావిడెంట్ ఫండ్), ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) అన్నీ ఉన్నాయంటున్నాడు. ఊళ్లో ఇంకొకరేమో "జోన్‌లో లేబర్ చట్టాలు పనిచేయవు, పంపొద్దు" అంటున్నారు. ఏది నిజం, అలాంటి ఉద్యోగం వల్ల అమ్మాయికీ ఇంటికీ ఏం ఒరుగుతుంది అని అడిగారు.

మాది సూళ్లూరుపేట వైపు. చాలా ఏళ్లుగా క్రోంపేటలో ఉంటున్నాం. ఆ జోన్‌లోనే ఒక గార్మెంట్ కంపెనీ టైమ్ ఆఫీసులో చేరి, హెచ్ఆర్ దాకా పనిచేసి బయటకు వచ్చాను. ఇప్పుడు పీఎఫ్, ఈఎస్ఐ క్లెయిములు చేసిపెడుతుంటాను. ఒకప్పుడు అమ్మాయిల్ని చేర్చుకునే కుర్చీలో కూర్చున్నాను, ఇప్పుడు మానేసి వెళ్లేవాళ్ల కాగితాలు చూస్తున్నాను. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు చట్టం సంగతి. ప్రత్యేక ఆర్థిక మండలాల (ఎస్ఈజెడ్) చట్టం 2005లో వచ్చింది. జోన్‌కు ఏ కేంద్ర చట్టం వర్తించాలి, ఏది వర్తించకూడదు అని నిర్ణయించే అధికారాన్ని అందులోని 49వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. "చట్టాలు పనిచేయవు" అనే మాట పుట్టింది అక్కడే. కానీ అదే సెక్షన్‌లో ఒక షరతు కూడా ఉంది. కార్మిక సంఘాలు, పారిశ్రామిక వివాదాలు, కార్మికుల సంక్షేమం, పని పరిస్థితులు, ప్రావిడెంట్ ఫండ్, నష్టపరిహారం, పెన్షన్, ప్రసూతి ప్రయోజనాలు, వీటి జోలికి ఆ అధికారం పోకూడదు. వారానికి 48 గంటల పని, ఓటీకి (ఓవర్‌టైం పనికి) రెట్టింపు జీతం, కనీస వేతనం, బోనస్ జోన్ లోపల కూడా ఉన్నాయి. జోన్ కాబట్టి ఓటీ సింగిలే అని ఎవరైనా సూపర్‌వైజర్ చెబితే అది అబద్ధం.

మరి ఊళ్లో ఆయన మాట పూర్తిగా తప్పా అంటే, అదీ చెప్పలేను. ఆ చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనలు చూడండి. పాత పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉన్న అధికారాల్ని జోన్ డెవలప్‌మెంట్ కమిషనర్‌కు అప్పగించేలా రాష్ట్ర ప్రభుత్వం చూడాలని వాటిలో ఉంది. ఆయన వాణిజ్య శాఖ మనిషి. కంపెనీలకు అనుమతులివ్వడం, ఎగుమతులు పెంచడం ఆయన పని. కార్మికుల ఫిర్యాదు కూడా అదే టేబుల్ మీదికి వస్తే ఏది ముందు కదులుతుందో మీరే ఊహించుకోండి. అవే నిబంధనల్లో ఇంకొకటి ఉంది: జోన్‌ను ప్రజోపయోగ సేవగా ప్రకటించడానికి రాష్ట్రం ప్రయత్నించాలి. అలా ప్రకటిస్తే, ఆ పాత చట్టం కింద 14 రోజుల ముందస్తు నోటీసు లేకుండా చేసే సమ్మె చట్టవిరుద్ధం అయ్యేది. చొక్కాలు కుట్టే పనిని నీళ్లు, కరెంటు, రైళ్ల పక్కన కూర్చోబెట్టారన్నమాట!

వీటన్నిటికంటే పెద్దది గేటు. పాస్ లేకుండా లోపలికి ఎవరూ పోలేరు. యూనియన్ పెట్టుకునే హక్కు ఉంది, యూనియన్ మనిషి మాత్రం బయట గ్రాండ్ సదరన్ ట్రంక్ (జీఎస్టీ) రోడ్డు మీదో, తాంబరం సానటోరియం స్టేషన్ మెట్ల దగ్గరో నిలబడి కరపత్రాలు పంచుకోవాలి. లోకల్ ట్రైన్ అందుకోవాలనే తొందరలో ఉన్న అమ్మాయి ఆ కాగితం తీసుకుంటుందా? తీసుకున్నా, ఎవరైనా చూశారేమోనని టెన్షన్. హక్కు లోపల ఉంది, దాని గురించి చెప్పగలిగేవాడు బయట ఉన్నాడు. నా అనుభవంలో జోన్ ఉద్యోగానికీ మామూలు ఫ్యాక్టరీ ఉద్యోగానికీ అసలు తేడా ఇదే.

ఈ జోన్లు ఎందుకు పుట్టాయో రెండు ముక్కల్లో చెబుతాను. దేశానికి విదేశీ మారకం కరువైన రోజుల్లో, 1965లో, గుజరాత్‌లోని కాండ్లాలో మొదటిది పెట్టారు. సుంకం లేకుండా ముడిసరుకు దిగుమతి చేసుకోవచ్చు, తయారైన సరుకు విదేశాలకు పంపాలి. మన తాంబరం జోన్ 1984లో వచ్చింది, సుమారు 260 ఎకరాలు. 2003 జనవరి నుంచి ఎస్ఈజెడ్‌గా మారింది కానీ ఇక్కడ అందరూ ఇప్పటికీ "మెప్జ్" (మద్రాస్ ఎక్స్‌పోర్ట్ ప్రాసెసింగ్ జోన్) అనే అంటారు. తైవాన్‌లో కావోసియుంగ్, కొరియాలో మాసాన్, శ్రీలంకలో కటునాయకె, ఎక్కడ చూసినా బట్టల లైన్లలో, ఎలక్ట్రానిక్స్ లైన్లలో ఎక్కువ మంది పెళ్లికాని అమ్మాయిలే. ఆడపిల్లల వేళ్లు చురుగ్గా ఉంటాయి, ఓపిక ఎక్కువ అని మేనేజర్లు చెబుతుంటారు. నేను కూర్చున్న మీటింగుల్లో లెక్క వేరుగా ఉండేది. వాళ్లకు అదే మొదటి ఉద్యోగం, పోల్చుకోవడానికి పాత జీతం ఉండదు. కొన్నేళ్లలో పెళ్లి చేసుకుని వెళ్లిపోతారు, సీనియారిటీ భారం పడదు. ఈ రెండో కారణాన్ని గుర్తుపెట్టుకోండి, పీఎఫ్ దగ్గర మళ్లీ వస్తుంది.

మంచి కూడా చెప్పాలి. లోపలంతా దోపిడీ అని కొట్టిపారేసేవాళ్లు మన ఊళ్ల కూలి రేట్లు చూసి మాట్లాడటం లేదని నా అభిప్రాయం. నాట్లకో, రొయ్యల షెడ్డుకో వెళ్లే అమ్మాయికి పని ఉన్న రోజే కూలి, ఒంట్లో బాగోలేకపోతే అదీ లేదు. జోన్‌లో చేరినవాళ్లకు నెలనెలా బ్యాంకులో జీతం పడుతుంది. సొంత అకౌంటు, సొంత ఏటీఎం కార్డు, ఈఎస్ఐ ఆసుపత్రి ఉంటాయి. తమ్ముడి ఫీజు కట్టింది, ఇంటికి స్లాబు వేయించింది, ఇరవై మూడేళ్లు వచ్చేదాకా పెళ్లి వాయిదా వేయించుకుంది, ఇలాంటివి నా కళ్లముందే ఎన్నో జరిగాయి. జీతం పంపే కూతురి మాటకు ఇంట్లో విలువ పెరుగుతుంది. భాష రాక మొదటి వారం ఏడ్చిన పిల్లలే ఆరు నెలలకు సూపర్‌వైజర్‌తో తమిళంలో గొడవపడటం కూడా చూశాను. అది చిన్న మార్పు అనుకోను.

ఇబ్బంది ఏమిటంటే, చేరిన రోజు ఉన్న జీతమే దాదాపు చివరిదాకా. జోన్‌కు విడిగా కనీస వేతనం లేదు. రాష్ట్రం టైలరింగ్ పరిశ్రమకు నిర్ణయించిన రేటే బట్టల కంపెనీలకు వర్తిస్తుంది, దానిమీద ఏటా ఏప్రిల్‌లో కరువు భత్యం కలుస్తుంది. చట్టంలో అది నేల. జోన్‌లో మాత్రం కప్పు కూడా అదే. ఐదేళ్లు లైన్‌లో కుట్టిన అమ్మాయికీ నిన్న చేరినదానికీ తేడా కొన్ని వందల రూపాయలే. ఆ నేలను పైకి లేపడం కూడా తేలిక కాదు. 2014లో తమిళనాడు ప్రభుత్వం టైలరింగ్ వేతనాలు పెంచితే యాజమాన్యాలు కోర్టుకెళ్లాయి. 2016 జూలైలో మద్రాసు హైకోర్టు కార్మికుల పక్షాన తీర్పు ఇచ్చింది, పాత బకాయిలు కూడా కట్టాలంది. దాదాపు పన్నెండేళ్ల తర్వాత వచ్చిన పెంపు అది. ఈలోపు మానేసి ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లలో ఎంతమందికి ఆ బకాయి గురించి కబురు అందింది? మానేసినవాళ్ల ఫోన్ నంబర్లు మా లాంటి ఆఫీసుల్లో ఎవరూ దాచి ఉంచరు.

ఇక పీఎఫ్. దీనిమీద కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే జోన్ ఉద్యోగం మొత్తం ఈ ఒక్క విషయంలో బయటపడుతుంది.

2016 ఫిబ్రవరిలో కేంద్రం ఒక నోటిఫికేషన్ తెచ్చింది. ఉద్యోగం మానేస్తే కార్మికులు తమ వాటా మాత్రమే తీసుకోవచ్చు, యజమాని వాటా 58 ఏళ్లు వచ్చాకే అని. ఢిల్లీలో ఆలోచించినవాళ్లకు అది మంచి పనే అనిపించి ఉంటుంది, ముసలితనానికి డబ్బు మిగులుతుంది కదా. ఏప్రిల్ 18న బెంగళూరు హోసూరు రోడ్డు మీదికి గార్మెంట్ ఫ్యాక్టరీల ఆడవాళ్లు వేలమంది వచ్చేశారు. మర్నాడు పీణ్య, జాలహళ్లి వైపు పాకింది. బస్సులు తగలబడ్డాయి, లాఠీఛార్జీ జరిగింది. పెద్ద యూనియన్ ఏదీ పిలుపు ఇవ్వలేదు. 19వ తేదీనే కేంద్రం ఆ నిబంధన వెనక్కి తీసుకుంది. ఆ లైన్లలో మన చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు కూడా పనిచేస్తుంటారు. బెంగళూరు ఫ్యాక్టరీలన్నీ జోన్లో ఉన్నవి కావు, కానీ ఎగుమతి కోసం కుట్టే పద్ధతి అదే, లైన్ అదే, వయసు అదే.

దానికి ఐదేళ్ల ముందు, 2011 మే 30న, శ్రీలంక కటునాయకె జోన్‌లోనూ దాదాపు ఇదే జరిగింది. ప్రైవేటు ఉద్యోగులకు పెన్షన్ బిల్లు తెస్తే జోన్ కార్మికులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ఒక యువ కార్మికుడు చనిపోయాడు. ఆ బిల్లునూ వెనక్కి తీసుకున్నారు.

పెన్షన్ ఇస్తామంటే వద్దని రోడ్డెక్కడమేమిటని అప్పట్లో చాలామంది చదువుకున్నవాళ్లు నవ్వారు. వాళ్లకు అర్థంకానిది ఏమిటంటే, ఈ ఉద్యోగంలో 58 ఏళ్ల దాకా ఎవరూ ఉండరు, ఉంచుకోరు. కంపెనీ లెక్కే కొన్నేళ్ల లెక్క. కాబట్టి అమ్మాయి లెక్క కూడా అంతే: నెల జీతం ఇంటికి, పీఎఫ్ తన పెళ్లికో, అప్పు తీర్చడానికో, కుట్టుమిషన్ కొనుక్కోవడానికో. చాలామందికి జీవితంలో ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం అదొక్కటే. ఉద్యోగాన్ని పొట్టిగా ఉంచి, దాని మీద వచ్చే డబ్బును మాత్రం ముసలితనం దాకా పొడిగిస్తామంటే కోపం రాదా?

పీఎఫ్‌లో పెన్షన్ భాగం కూడా ఇలాగే ఉంటుంది. యజమాని కట్టే వాటాలోంచి, జీతంలో 8.33 శాతం పెన్షన్ ఖాతాకు పోతుంది. పెన్షన్ రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. జోన్‌లో పదేళ్లు నిండినవాళ్లు తక్కువ. నిండనివాళ్లకు రెండు దారులున్నాయి: ఆ డబ్బు విత్‌డ్రా చేసుకోవడం, లేదా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసు దాచుకోవడం. తర్వాత శ్రీసిటీలోనో ఇంకెక్కడో మళ్లీ చేరితే ఆ పాత సర్వీసు కలుస్తుంది. ఈ సర్టిఫికెట్ సంగతి కంపెనీలు చెప్పవు. చెప్పకూడదని కాదు, చెప్పేంత తీరిక ఎవరికీ ఉండదు.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. మన ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇక్కడి ఆఫీసుల్లో తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా రాయడం అలవాటు. చేరేటప్పుడు క్లర్కు తన అలవాటు ప్రకారం కొట్టేస్తాడు. పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు చేరుతుంది. నాలుగేళ్ల తర్వాత పీఎఫ్ కోసం అప్లై చేస్తే పేర్లు కలవవు, క్లెయిమ్ తిరిగొస్తుంది. దిద్దడానికి కొన్నిసార్లు పాత కంపెనీ ఒప్పుకోవాలి, ఆ కాంట్రాక్టర్ ఎప్పుడో దుకాణం మూసేసి ఉంటాడు. నా దగ్గరకు వచ్చే కేసుల్లో ఎక్కువ ఇవే. ఎవరూ మోసం చేయలేదు, అయినా డబ్బు రాదు.

ఇంకొకటి, ప్రసూతి. గర్భం రాగానే చాలామంది మానేస్తారు, లేదా మాన్పిస్తారు. మానేశాను కాబట్టి ఇక ఏమీ రాదు అనుకుంటారు. ఈఎస్ఐలో అలా కాదు. కాన్పుకు ముందరి రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజుల చందా ఉంటే 26 వారాల ప్రసూతి డబ్బుకు అర్హత ఉంటుంది. చందా కాలం అంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. అందుకే మానేసిన తేదీ చూసి ఆశ వదులుకోకుండా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడగాలి.

కంపెనీయే వెళ్లిపోతే? మన దగ్గర దీనికి పెద్ద ఉదాహరణ శ్రీపెరుంబుదూరు నోకియా. 2006లో ఉత్పత్తి మొదలైంది, ఒక దశలో నేరుగా సుమారు 8 వేల మంది పనిచేశారు. ఆదాయపు పన్ను శాఖతో వివాదంలో ఆస్తులు చిక్కుకున్నాయి. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్‌కు వెళ్లినప్పుడు ఈ ఫ్యాక్టరీని బయట వదిలేశారు. ఆ ఏడాది నవంబరు 1న మూతపడింది. అంతకుముందే చాలామంది చేత స్వచ్ఛంద విరమణ పథకం కింద సంతకాలు తీసుకున్నారు. పెద్ద ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలని చట్టం. కానీ కార్మికులంతా "స్వచ్ఛందంగా" వెళ్లిపోయాక ఆ అనుమతికి ఏం పని మిగులుతుంది? ఇరవై అయిదేళ్ల వయసులో విరమణ! వాళ్లకు వచ్చిన పని ఫోన్‌లో ఒక భాగం బిగించడం, ఒక స్క్రీన్ పరీక్షించడం. ఆ నైపుణ్యం ఇంకో లైన్‌లోనే పనికొస్తుంది, ఆ ఇంకో లైన్‌కు పద్దెనిమిదేళ్లవాళ్లు కావాలి. కుట్టుపని నేర్చినవాళ్లు కాస్త నయం, ఊళ్లో జాకెట్లయినా కుట్టుకోవచ్చు. అదైనా, లైన్‌లో కాలర్ మాత్రమే కుట్టినదానికి మొత్తం జాకెట్ కుట్టడం రాదు.

హాస్టల్ సంగతి ఇంటివాళ్లు ఎప్పుడూ మంచి వైపు నుంచే చూస్తారు, పిల్ల భద్రంగా ఉంటుందని. 2021 డిసెంబరులో ఐఫోన్లు బిగించే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీ అమ్మాయిలు పూందమల్లి హాస్టల్‌లో తిండి వికటించి జబ్బుపడ్డారు. 150 మందికి పైగా ఆసుపత్రిలో చేరారు. కొందరు చనిపోయారనే వదంతి లేచింది. నిజమో కాదో తెలుసుకునే దారి ఎవరికీ కనిపించలేదు, దాంతో అర్ధరాత్రి చెన్నై-బెంగళూరు హైవే మీద కూర్చున్నారు. తర్వాత ఆపిల్ ఆ ఫ్యాక్టరీని ప్రొబేషన్‌లో పెట్టింది, జనవరిలో గానీ తిరిగి తెరుచుకోలేదు. 2024 ఆగస్టులో వల్లం వడగాల్‌లో 18,720 మందికి సరిపడే హాస్టల్‌ను రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సిప్కాట్ కట్టించి ప్రారంభించింది. గదులు బాగుంటాయి, సందేహం లేదు. కానీ పడుకునే మంచం కూడా ఉద్యోగంతో ముడిపడితే, మానేస్తాను అనడం రెండింతలు కష్టం. సెలవు అడిగితే వార్డెన్‌కు తెలుస్తుంది, ఓటీ వద్దంటే బస్సు ఉండదు. కడప్పేరి, చిట్లపాక్కం సందుల్లో నలుగురు కలిసి గది తీసుకుని వండుకునే అమ్మాయిలకు ఖర్చు ఎక్కువే, అయినా వాళ్లే కాస్త గొంతు విప్పి మాట్లాడతారని నేను గమనించాను.

అన్నట్టు, "వేలల్లో ఉద్యోగాలు" అనే ప్రకటనల్ని కొంచెం తగ్గించి చదవండి. 2014లో కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే సంస్థ) నివేదిక ఎస్ఈజెడ్‌ల లెక్కలు తీసింది. పరిశీలించిన జోన్లలో చెప్పిన ఉద్యోగాలకూ వచ్చినవాటికీ మధ్య భారీ కోత కనిపించింది. నోటిఫై చేసిన 45,635 హెక్టార్లలో సుమారు 62 శాతం భూమిలోనే కార్యకలాపాలు ఉన్నాయి. భూమి ఇచ్చిన రైతు ఎవరు, ఉద్యోగం వచ్చినవాళ్లు ఎవరు అన్నది వేరే పెద్ద కథ. తడ, సత్యవేడు వైపు వాళ్లకు అది నేను చెప్పక్కర్లేదు.

జోన్‌లో పనిచేయనివాళ్లు కూడా ఒకటి గమనించాలి. ఎగుమతి పరిశ్రమలో మొదలైనవి అక్కడే ఆగడం లేదు. నిర్ణీతకాల ఉద్యోగాన్ని 2016లో ముందు రెడీమేడ్ బట్టల రంగానికి అనుమతించారు, 2018లో అన్ని రంగాలకూ ఇచ్చారు. సమ్మెకు 14 రోజుల నోటీసు ఒకప్పుడు ప్రజోపయోగ సేవలకే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో అది అన్ని పరిశ్రమలకూ వర్తిస్తుంది. అదే కోడ్లలో నిర్ణీతకాల ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) అనే మంచి మార్పు కూడా ఉంది. జోన్ అమ్మాయిలకు ఐదేళ్లు నిండక గ్రాట్యుటీ పోయేది కాబట్టి ఇది నిజంగా పనికొచ్చేదే. అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ఫిక్స్‌డ్ టర్మ్" అని ఉందో, "ట్రైనీ" అని ఉందో చూసుకోవాలి. ట్రైనీ అంటే చాలాసార్లు అదే పని, తక్కువ డబ్బు, పైగా పీఎఫ్ లేదు.

ఇక మీ మేనకోడలి సంగతి. నన్నడిగితే పంపండి, కానీ కాంట్రాక్టర్ చేతిలో పెట్టి పంపొద్దు. కంపెనీ నేరుగా చేర్చుకునే ఉద్యోగం దొరుకుతుందేమో ముందు అడగండి. గేటు దగ్గర బోర్డులు పెడతారు. చెన్నైలో బంధువులుంటే ఒక పూట వెళ్లి చూసి రమ్మనండి. కాంట్రాక్టర్ ద్వారానే అయితే కంపెనీ పేరు, కాంట్రాక్టర్ లైసెన్సు రాయించుకోండి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే కట్టాల్సింది అసలు కంపెనీయే, కానీ ఏ కంపెనీయో తెలిస్తేనే కదా అడిగేది. ఆంధ్ర నుంచి తమిళనాడుకు తీసుకెళ్తున్నారు కాబట్టి ఆ అమ్మాయి అంతర్రాష్ట్ర వలస కార్మికురాలు కూడా అవుతుంది. 1979 చట్టంలో వీళ్లకు ప్రయాణ భత్యం ఉండేది, ఇప్పటి కోడ్‌లోనూ ఏడాదికోసారి ఊరికి వచ్చిపోయే ఖర్చు యజమాని ఇవ్వాలని ఉంది. అడిగినవాళ్లను నేను చూడలేదు, మీరు అడగండి.

చేరే రోజు ఫారంలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, అక్షరం అక్షరం పడిందో లేదో చూసుకోమనండి. ఫోన్ నంబరు కాంట్రాక్టర్‌ది కాకుండా తనది ఇవ్వాలి, ఓటీపీ దానికే వస్తుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. మొదటి జీతం పడ్డాక ఒకటి రెండు నెలల్లో యూఏఎన్ (పీఎఫ్ నంబరు) పాస్‌బుక్ తెరిచి చూడండి. జీతం స్లిప్పులో కోసిన పీఎఫ్ అందులో కనిపించకపోతే వెంటనే అడగండి, ఏడాది ఆగితే ఈ కాంట్రాక్టర్ స్థానంలో ఇంకొకడు ఉంటాడు.